చాలనిపించే పట్టీ

జెల్లీలో కదలకుండా బిగించిన జీబ్రాఫిష్ పిల్ల తోక కొడుతూనే ఉంది. ఈదితే వెనక్కి జరగాల్సిన తెర మీది గీతలు మాత్రం జరగడం లేదు. ఎంత ఈదినా ఉన్నచోటే. ఉన్నట్టుండి, గాజులాంటి ఆ తలలో వెనకవైపు నాలుగైదు కణాలు వెలిగాయి. వాటి నుంచి బయల్దేరిన సన్నటి పోగులు మెదడంతా మెరిశాయి. తోక ఆగిపోయింది.

“అదే లోకస్ సెరూలియస్. నోర్‌ఎడ్రినలిన్ తయారయ్యే చోటు. మనకీ ఉంది,” అంది డాక్టర్ ఐరీన్, పక్కన నిలబడ్డ కోటేశ్వరితో. “ఇక లాభం లేదని మెదడంతా చాటింపు వేస్తుంది. తలకి కట్టే నా పట్టీ దాని నోరు మూయిస్తుంది.”

కోటేశ్వరికి కావలసిందీ అదే. కోచింగ్ సెంటర్లకి పేరుపడ్డ అశోక్‌నగర్‌లో, ఒక హాస్టల్లో తొమ్మిదేళ్ళుగా గ్రూప్ వన్‌కి చదువుతోంది. వయసు దాటకముందు ఇదే ఆఖరి పరీక్ష. పుస్తకం తెరిస్తే అక్షరాలు అలికేసినట్టవుతున్నాయి. నాన్నేమో, కూతురు డిప్యూటీ కలెక్టర్ అయిపోయినట్టే ఊళ్ళో చెప్పుకుంటున్నాడు.

ఐరీన్ ఆమె తలకి పట్టీ కట్టి, చేతికి పుస్తకం ఇచ్చింది. చేపల దగ్గర ఐరీన్‌కి ఒక అలవాటు. కణాలు పనిచేస్తున్నాయో లేదో ముందు రేపి చూసుకున్నాకే వాటిని ఆపుతుంది. చెయ్యి అలవాటుగా కణాల్ని రేపే బటనే నొక్కేసింది. ఇది చేప కాదని గుర్తొచ్చేలోపే కోటేశ్వరి పుస్తకం మూసేసింది. బిగుసుకున్న భుజాలు దిగాయి. కుర్చీలోనే నిద్రపోయింది.

సాయంత్రం లేచాక ఐరీన్ తన పొరపాటు చెప్పి, క్షమించమంది. ఈసారి సరిగ్గా కడతానంది.

“వద్దు డాక్టరమ్మా. ప్రాణానికి హాయిగా ఉంది.”

“అది నీ నిర్ణయం కాదమ్మా. మిషన్ అలా అనిపించింది.”

“తొమ్మిదేళ్ళు చదివింది మాత్రం నా నిర్ణయమా?”

కోటేశ్వరి అక్కణ్ణించే నాన్నకి ఫోన్ చేసి, పరీక్ష రాయనని చెప్పేసింది. తిట్ల కోసం చెవి ఒగ్గి కూర్చుంది. ఆయన మెల్లగా, ఏమైనా తిన్నావా అని అడిగాడు. ఆ గొంతులో కోపం వెతికింది. దొరకలేదు. ఆయన కూడా అలిసిపోయి ఉన్నాడని అప్పుడు తెలిసింది.

ఈ సంగతి హాస్టళ్ళలో పాకి, వారం తిరక్కుండా సగం అశోక్‌నగర్ వచ్చి ల్యాబ్ గేటు ముందు నిలబడింది. ఐరీన్ సంబరంగా బయటికొచ్చి, పట్టీ సరిచేశాననీ, ఇక ఎవరూ మధ్యలో వదిలేయక్కర్లేదనీ చెప్పింది.

వరసలో మొదట నిలబడ్డ గడ్డపాయన వెనక్కి తిరిగి మిగతావాళ్ళని చూసి, గొంతు సవరించుకున్నాడు.

“సరిచేసింది వద్దు మేడమ్. కోటేశ్వరక్కకి కట్టిందే కట్టండి.”