రాహేలమ్మ చేతి గుణం

పూజితకు ఆ పొద్దున ఒక్కచోట కాలు నిలవడం లేదు. తాండూరులో వాళ్ల ఆఫీసు కింద బండలు పాలిష్ పట్టే మిషన్ రొద పెడుతూనే ఉంది. తుడిచిన బల్ల మీద మళ్లీ దుమ్ము పేరుకుంటూనే ఉంది. కేసుల్లేక ఈగలు తోలుకుంటున్న రోజులవి. ఆమె గురువు, ప్రైవేటు డిటెక్టివ్ కుమారస్వామి మాత్రం ఏ చింతా లేని మనిషిలా కిటికీలోని తీగమొక్కకు నీళ్లు చిలకరిస్తున్నాడు. ఆయన ఒకప్పుడు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. ఆ ఉద్యోగం మానేసి ఈ పనిలోకి దిగినప్పుడు, చెట్ల సారుకు దొంగలతో ఏం పనని ఊరంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లే ఇప్పుడు తగాదా వస్తే ముందుగా ఆయన మెట్లెక్కుతున్నారు. ఈ సంగతి చెప్పుకునే సందు దొరికితే పూజిత వదిలిపెట్టదు.

మెట్ల మీద చప్పుడైంది. ఒక పెద్దావిడ గోడకు చెయ్యి ఆనించి మెల్లగా పైకి వస్తోంది. ఆయాసమేమో అనుకుని పూజిత ఎదురెళ్లి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఆవిడ ఒళ్లోని తడిగుడ్డ విప్పితే అందులో ఎండిపోయిన దానిమ్మ కొమ్మ ముక్కలు కనిపించాయి.

"సారూ, నా చెయ్యి ఖరాబైందా, లేకుంటే ఎవలన్న చేసిండ్రా? గదొక్కటి చెప్పుండ్రి. నాకు నిద్ర వడ్తలేదు."

ఆవిడ పేరు రాహేలమ్మ. ధారూర్ దగ్గరి పల్లె. వికారాబాద్‌లో అనంతగిరి గుట్టల కింద రచన అనే ఆమె నడిపే నర్సరీలో ఏళ్ల తరబడి మొక్కలు నాటుతోంది. ఆమె నాటింది బతకలేదన్న మాట ఎవరూ వినలేదు. ఆ చుట్టుపక్కల ఎవరు తోట పెట్టినా మొదటి మొక్క రాహేలమ్మ చేత పెట్టించడం ఆనవాయితీ. నర్సరీలో కొత్త మడి వేసినా మొదటి కొమ్మ ఆమెదే. అలాంటిది, ఈ ఏడు కుల్కచర్ల రైతులకు ఇవ్వాల్సిన దానిమ్మ మొక్కలు రెండు విడతలు పోయాయి. నాటిన కొమ్మలు చక్కగా చిగురించాయి, అందరూ మురిశారు, ఆపైన ఉన్నట్టుండి వాడిపోయాయి. పీకి చూస్తే ఒక్క వేరు లేదు.

ఇక చూడండి, నోళ్లు లేచాయి. రాహేలమ్మ చెయ్యి పోయిందన్నారు. ఇంటి ముందు మామిడి మొక్క పెట్టిపొమ్మని పిలిచిన ఒకావిడే గేటు దగ్గర నిలబెట్టి వద్దులే అని పంపేసిందట. మూడో విడత నేడో రేపో నాటాలి. దాన్ని వేరే వాళ్లతో నాటిస్తారని వినికిడి. అదే జరిగితే తన బతుకు అక్కడితో సరి అని చెబుతూ రాహేలమ్మ రెండు చేతులూ ఒళ్లో బోర్లించి పెట్టుకుంది, ఎవరికీ కనపడకుండా.

కుమారస్వామి భూతద్దం తీసి ఒక్కో ముక్కనూ రెండు కొసలా చూశాడు. ఒక కొస ఏటవాలుగా, రెండోది చదునుగా కోసి ఉంది. ఇలా ఎందుకని అడిగాడు.

"ఏటవాలు కొస కిందికి సారూ, చదును కొస మీదికి. మా నర్సరీల గట్లనే కోస్తరు. పట్టుకోంగనే ఎరుకైతది. ఏటవాలు కొసను పౌడరుల అద్ది నాటుడే."

పౌడరంటే వేర్లు తొందరగా పుట్టడానికి అద్దే మందు. అది తెచ్చేది సూపర్‌వైజర్ పరశురాం. కొమ్మలు కోసేది అతనూ, రాహేలమ్మ కొడుకు బాలస్వామీ. నాటేది రాహేలమ్మ ఒక్కతే. ఇంతవరకూ విని కుమారస్వామి చెప్పులేసుకుని, రాహేలమ్మను వెంటబెట్టుకుని వికారాబాద్ రైలెక్కాడు.

రైల్లో పూజిత ఊరుకుంటేగా. పౌడరు నకిలీదంది. కాదు, ఎక్కువ అద్దారంది. అదీ కాదు, పోటీ నర్సరీ వాళ్ల పనే అంది. ధారూర్ దాటేదాకా ఆయన కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చుని, చివరికి ఒక్క మాటన్నాడు. "ఎక్కువైతే కింది కొస మాడి నల్లగైతది పూజితా. ఇవి నల్లగ లేవు." ఆమె సిద్ధాంతాల్లో ఒకటి అక్కడే రాలిపోయింది.

నర్సరీలో రచన వాళ్లను చూసి ముందు చిరాకుపడింది. రాహేలమ్మ డిటెక్టివ్ దగ్గరికి పోయిందంటే తనను నమ్మలేదనేగా అని ఆమె బాధ. చదువుకున్న అమ్మాయి. తాతల నాటి పొలంలో పత్తి మాన్పించి, ఇంట్లో అందరినీ ఎదిరించి ఈ నర్సరీ పెట్టింది. కుల్కచర్ల ఆర్డరు పోతే ఇంట్లోవాళ్లు చూశావా అంటారు. ఆ ఉక్రోషంలోనే పౌడరు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అదే డబ్బాలోంచి తీసి తన చేత్తో నాటిన కాగితం పూల కొమ్మలు పక్క మడిలో ఏపుగా ఉన్నాయి. కుమారస్వామి ఒకటి పీకి చూశాడు. తెల్లటి వేర్లు గుబురుగా వచ్చాయి. పూజిత రెండో సిద్ధాంతం కూడా పోయింది.

మిగిలింది పోటీ నర్సరీ. పరశురాంను కదిలిస్తే ఆ తీగ కూడా దొరికింది. తాండూరులో ఒక నర్సరీ ఆయన తనను పనికి రమ్మన్నాడని, తానింకా ఏ జవాబూ చెప్పలేదని నసిగాడు. నుదుటికి చెమట పట్టింది. ఇంకేముంది, దొంగ దొరికాడని పూజిత కుర్చీ అంచుకు జరిగింది. కుమారస్వామి సరే పో అని అతన్ని పంపేశాడు. ఆమెకు ఒళ్లు మండింది.

బాలస్వామి తక్కువ మాటల మనిషి. కత్తెర చేతిలోంచి దించకుండానే జవాబులు చెప్పాడు. కొమ్మలు ఎప్పట్లాగే కోశానన్నాడు. తల్లి సంగతి ఎత్తితే మాత్రం మొహం తిప్పుకున్నాడు.

"అమ్మకు వయసైంది సారు. ఇంటికాడ ఉండుమంటే ఇనది. మస్తు సార్లు చెప్పిన."

ఇంతలో టీ వచ్చింది. పరశురాం ఒక గ్లాసు తీసి రాహేలమ్మ ముందు చాచి పట్టుకున్నాడు. ఆమె అటు చూడనేలేదు. అలిగిందనుకుని అతను దాన్ని అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. కాసేపటికి బాలస్వామి వచ్చి ఆ గ్లాసు తీసి, తల్లి చెయ్యి పట్టుకుని వేళ్ల మధ్య పెట్టి, ఆమె గట్టిగా పట్టుకున్నాకనే వదిలాడు. రచన కూడా పక్కనే కూర్చుని, కుల్కచర్ల రైతు పంపిన ఫోటో అంటూ ఫోన్ ఆమె మొహం ముందు పెట్టింది. మొక్కల కోసం తవ్వి ఎదురుచూస్తున్న ఖాళీ గుంతలవి.

"మంచిగున్నయమ్మా చెట్లు," అంది రాహేలమ్మ.

ఇంత నష్టంలో ఎగతాళా అని రచన చివాల్న లేచిపోయింది. పూజితకు కూడా ఆ మాట వింతగానే తోచింది. కుమారస్వామి టీ పూర్తిగా తాగి గ్లాసు కడిగి పెట్టాడు.

రెండో విడత మడిలో ఇంకా కొన్ని కొమ్మలు పచ్చగా కొన ఊపిరితో ఉన్నాయి. పైన కప్పిన ప్లాస్టిక్ తొలగించి ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చిగుళ్లు ఒక్కటీ తిన్నగా లేదు. ప్రతిదీ మొదట నేలవైపు దిగి, తర్వాత కొక్కెంలా మెలి తిరిగి పైకి లేచింది. అది తెగులని పరశురాం, ఎవరో ఏదో చేశారని మిగతావాళ్లు అనుకుంటున్నారు. గాల్లో ఉన్న చదును కొసను ఆయన గోటితో తడిమి పూజితకు చూపించాడు. కోసిన అంచు చుట్టూ తెల్లటి కండ బుడిపెలుగా ఉబ్బింది.

దీనర్థమేంటని ఆమె అడిగింది. అందరినీ పిలువు అన్నాడాయన. వాళ్లు వచ్చేలోపు రాహేలమ్మను పక్కకు తీసుకెళ్లి మెల్లగా ఏదో చెప్పాడు, ఏదో అడిగాడు. ఆమె సరేనన్నట్టు తల ఊపింది.

మడి చుట్టూ నలుగురూ చేరారు. పరశురాం అప్పుడే సగం చచ్చి ఉన్నాడు.

"కొమ్మకు మీది కొసన, చిగురుల ఒక హార్మోన్ పుడ్తది," అని మొదలుపెట్టాడు కుమారస్వామి. పాఠం చెప్పిన అలవాటు గొంతులో వినబడింది. "ఆక్సిన్ అంటరు. అది చిగురు నుంచి కాండం మొదలు దిక్కే పోతది. అక్కడ కోసిన కాడ పోగై, ఈడ వేర్లు పుట్టాలె అని చెప్తది. మనం అద్దే పౌడరు గూడ అసొంటిదే, దానికి సాయం. పౌడరు మంచిదే అని కాగితం పూలు చెప్పినయి. ఎక్కువ గాలేదని ఈ కొసలు చెప్పినయి. మరి వేరెందుకు రాలె? వస్తనే ఉండె. గీ కొసకు చూడుండ్రి, మీద, గాలిల. నేల దొరకక ఆగిపోయింది."

రచన ముందుకు వంగి ఆ బుడిపెలు చూసింది. ఆమెకు అర్థమైపోయింది. "తలకిందులు నాటిండ్రా?"

"తలకిందులే. కొమ్మను తిరగేసినా ఆ హార్మోన్ తొవ్వ మార్చుకోదమ్మా. తన తలేదో కాలేదో కొమ్మకు యాదికుంటది. మొగ్గలన్నీ నేల దిక్కు చూస్తున్నయి. అందుకే చిగుళ్లు కిందికి దిగి మళ్ల మీదికి మలుపుకున్నయి. ఉన్న సత్తువ అయిపోయేదాక ఆకులేసి, నీళ్లు తాగే వేరు లేక ఎండిపోయినయి."

అయితే తప్పు రాహేలమ్మదేగా అని పరశురాం ఊపిరి పీల్చుకున్నాడు. కాదన్నాడు కుమారస్వామి. ఆమె ఎప్పట్లాగే ఏటవాలు కొసనే కిందికి నాటింది. ఆ ఏటవాలునే ఎవరో కావాలని మీది కొసకు కోశారు. కత్తెర పట్టేది ఇద్దరే. కానీ అలా కోసే వాడికి ఇంకో ధైర్యం కూడా ఉండాలి. నాటే మనిషి ఒక్కసారి మొగ్గల వైపు చూస్తే గుట్టు బయటపడుతుంది. ఆమె చూడదని వాడికి తెలిసి ఉండాలి.

"ఎందుకు చూడది?" అంది రచన.

మెట్ల దగ్గర గోడ పట్టుకున్న చెయ్యి, ఖాళీ గుంతల్లో కనిపించిన చెట్లు, అన్నీ ఒక్కసారిగా వచ్చి పూజిత మీద పడ్డాయి. ఇంత దగ్గరుండి తను ఏం చూసినట్టు?

"నాకు కనబడ్తలేదమ్మా," అంది రాహేలమ్మ. "కండ్లల్ల పొర వచ్చి శానా దినాలైంది. మీకు తెలిస్తే పనిలకెల్లి తీసేస్తరని చెప్పలె. చేతితోని తడిమి నాటుతున్న. గీసారి కొమ్మలు వేళ్లకు తేడగనే తాకినయి. అడుగుదామంటే కండ్ల సంగతి బయటపడ్తదని అడగలె. నా వేళ్లే మొద్దుబారినయనుకున్న."

మిగతాది కుమారస్వామి చెప్పాడు. గ్లాసును గాల్లో చాచి పట్టుకున్న పరశురాంకు ఈ సంగతి తెలియదు. ఫోటో చూపించిన రచనకూ తెలియదు. గ్లాసును వేళ్ల మధ్య పెట్టి, పట్టు కుదిరేదాకా వదలని మనిషికి తెలుసు.

బాలస్వామి చేతిలోంచి కత్తెర జారి పడింది. అతను దాన్ని తీసుకోలేదు.

"ఆపరేషన్ అంటే భయపడ్తది," అన్నాడు నేలకేసి చూస్తూ. "ధారూర్ల పట్టాలు దాటుకుంట వస్తది సారు, రైలొచ్చేది కనబడది. ఏ దినం ఏం వార్త వింటనో అని పానం కొట్టుకుంటది. ఎన్ని తీర్ల చెప్పినా, నా చెయ్యి మంచిగున్నది, నాకేం ఫికర్ అంటది. ఆ చెయ్యి పోయిందంటే ఇంట్ల కూసుంటదనుకున్న. ఒక్క మడి పోతే సాలనుకున్న. అయినా వచ్చింది. మళ్ల చేసిన."

రచన మొహం ఎర్రబడింది. నా నర్సరీ నీకు ఆటగా ఉందా అని ఏదో అనబోయింది. రాహేలమ్మ చెయ్యెత్తి ఆపింది. అంతదాకా ఒళ్లో దాచుకున్న చెయ్యే అది. కొడుకు గొంతు వచ్చిన వైపు నడిచి అతని ఎదురుగా నిలబడింది.

"నా చెయ్యి పాపపుదని నెల దినాల సంది ఏడ్సిన బిడ్డా. అన్నం కలుపుకోవాలన్నా భయమయ్యేది. నాకు కండ్లు లేవు. నీకున్నయి గదా, చూస్కుంట ఎట్లున్నవ్?"

పూజిత మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. బాలస్వామి మీద కోపం తెచ్చుకుందామనుకుంది గానీ పూర్తిగా రాలేదు, దాంతో ఇంకా చిరాకేసింది.

రచన తేరుకుని, ఆపరేషన్‌కు తనే తీసుకుపోతానంది. పని ఎక్కడికీ పోదని కూడా అంది. రాహేలమ్మ సరే అంది, ఈసారి భయపడినట్టు కనిపించలేదు. మరి మూడో విడత ఎవరు నాటాలని పరశురాం మెల్లగా అడిగాడు.

"వీడే నాటుతడు. వీడు చంపినయన్నీ వీడే పెట్టాలె." రాహేలమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసి మడి దగ్గర కూర్చోబెట్టింది. "మొగ్గ మీదికి చూడాలె, ఒక్కొక్కటి చూసి పెట్టు. కట్టు ఇప్పినంక మొదాల నేను చూసేది గీ మడినే. నీ మొఖం ఆ తర్వాత."

బాలస్వామి మోకాళ్ల మీద కూర్చుని, మొదటి కొమ్మ తీసుకుని, మొగ్గ ఎటుందో కళ్లు తుడుచుకుని చూశాడు.