గట్టు మీది బొప్పాయి

"మీ నారే నా మిరప తోటని ముంచింది!"

నర్సరీ గేటు ముందు సుహైల్ వేసిన ఆ కేకకి, నారు కోసం క్రోసూరు నుంచి వచ్చిన రైతులిద్దరూ దిగిన ఆటోలోనే వెనక్కి పోయారు.

నారు ట్రేలకు నీళ్లు పెడుతున్న ఫర్హీన్ తలెత్తి చూసింది. ఏదో ఒక వంకతో వారానికి మూడుసార్లు వచ్చి, తనని చూసి మాటలు తడబడే మనిషేనా ఇతను? లోపల నాన్న జాన్ సాహెబ్ కుర్చీలో కూలబడ్డాడు. ఇరవై ఏళ్ల పేరు ఒక్క కేకతో గంగలో కలిసింది.

"నోటికొచ్చినట్టు కూయమాక!" ఫర్హీన్ గేటు దాకా దూసుకొచ్చింది. "ల్యాబ్‌లో తేల్చుకుందాం. మా నారుది తప్పయితే నర్సరీ మూసేస్తాం. కాకపోతే?"

"ఈ గేటు ముందే, ఇట్టాగే అరిచి చెప్తా!"

ఆ సాయంత్రమే ఆమె పరీక్ష కోసం ఆకులు కోసింది. నర్సరీ నారువి కొన్ని, ముడత పడ్డ అతని మిరపవి కొన్ని. అతని తోట గట్టు మీద గిడసబారి నిలబడ్డ బొప్పాయి మీద చెయ్యి వేసేసరికి సుహైల్ కంగారుపడ్డాడు.

"దాని జోలికెందుకు? అది వేరే జాతి గదా!"

"రెండాకులే. ఏడవమాక."

మూడు వారాలు నర్సరీ గడప తొక్కినవాడు లేడు. ట్రేల్లో నారు ముదిరిపోయింది. అప్పుడొచ్చింది రిపోర్టు. ల్యాబ్ మేడమ్ ఫోన్‌లో విడమర్చి చెబుతుంటే ఫర్హీన్‌కు మతిపోయింది. నారులో వైరస్ లేదు. మిరపలోదీ బొప్పాయిలోదీ మాత్రం ఒకటే వైరస్, జన్యువులు నూటికి తొంభై ఎనిమిది పాళ్లు కలిశాయి. తెల్లదోమ ఆ చెట్టు రసం పీల్చి ఈ చెట్టుకి అంటించి ఉంటుందట.

చినుకుల్లోనే స్కూటీ మీద తోటకు పోయింది.

"పోయినేడే ముడత పడ్డ చెట్టంటగా! పీకమని అందరూ చెప్పినా ఎందుకు పీకలా? మతుండే చేశావా?"

సుహైల్ తల దించుకున్నాడు. "మొదటిసారి నేనొచ్చినప్పుడు నువ్వు ఊరికే ఇచ్చిన మొక్క అది. ఎట్టా పీకను?"

ఫర్హీన్ ఆ చెట్టు వైపు తిరిగింది. తను నవ్వుతూ ఇచ్చి మర్చిపోయిన మొక్క! దాని కోసం రెండెకరాల మిరప! కోపమూ ఏడుపూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"పిచ్చోడా! ముందు దాన్ని పీకు. వేరేది ఇస్తా."

మర్నాడు పొద్దున్నే గేటు ముందు మళ్లీ కేక.

"జాన్ చాచా నారులో తప్పు లేదు! తప్పు నాదే! ఫర్హీన్ ఇచ్చిన మొక్కని పీకలేకపోయా!"

బజారంతా ఆగి చూసింది. మొదటి మాట వరకే ఎదురుచూసిన ఫర్హీన్, ట్రేల వెనక్కి పరుగెత్తింది. జాన్ సాహెబ్ చేతిలో టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆ గ్లాసుతోనే గేటు దాకా వచ్చాడు.

"ఒరేయ్, నారు సంగతంటే గేటు ముందు అరిచావు, బానే ఉంది. ఆ మొక్క మాట మాత్రం మీ అమ్మని తీసుకుని ఇంటికొచ్చి చెప్పు."