నడుము దాకా మనిషి

సోలాపూర్‌లో కొంతం చౌక్ వెనక సందులో తాళం పడిన ఇల్లొకటి ఉంది. పొద్దుగూకితే ఆ గుమ్మం ముందు ఆటోవాళ్ళు కూడా హారన్ కొట్టుకుంటూ పోతారు. ఎందుకని అడిగితే గొంతు తగ్గించి చెబుతారు — లోపల సగమయ్య ఉన్నాడు. నడుము దాకానే మనిషి... కిందికి ఏమీ లేదు.

ఒకప్పుడు చప్పుడే వినేవాళ్ళు — టక్... టక్. ఇప్పుడు ఫోటో కూడా దొరికింది. సగమయ్య అన్న పేరు ఆ తర్వాత పెట్టిందే.

ఫోటో దొరికింది ఎవరికో కాదు, ఆ ఇంటి కోడలు సుప్రియకే. పెళ్ళై ఏడాది కాలేదు. కాపురం నీలం నగర్‌లో, ఒకటే గది. ఇటు తనూ మొగుడు మంగేశూ, అటు బీడీలు చుట్టే అత్త చంద్రభాగ, మధ్యన అడ్డంగా కట్టిన చద్దరు. చద్దరు ఎంత మందమైనా గోడ కాదు కదా. మొగుడి చెవిలో ఒక మాట చెబితే అవతల నుంచి అత్త జవాబిచ్చేది. ఆ తాళం ఇల్లు వీళ్ళదే, ఖాళీగా పడి ఉంది. కానీ చంద్రభాగ సరే అనందే అక్కడ పొయ్యి వెలగదు. సగమయ్య ఉన్నంత కాలం ఆమె సరే అనదు.

సుప్రియకు ఒక పిచ్చి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి సోలాపూర్ ఫోటోలు మొబైల్లో వెతికి పట్టుకుంటుంది. ఆనాడు ఫోటో తీసినవాడు నిలబడ్డ చోటే తనూ నిలబడి ఇప్పటి ఫోటో తీసి, రెండూ పక్కపక్కన పెడుతుంది. టాంగాలు ఆగిన చోట ఇప్పుడు ఆటోలు. మిల్లు గోడ మీద ట్యూషన్ల బోర్డు. అలా వెతుకుతుంటే తగిలింది తమ ఇల్లే. సైన్యానికి గాయాల కట్టుగుడ్డ, 1943 అని కింద రాసి ఉంది. గుమ్మంలోంచి తీసిన ఫోటో. లోపలంతా చీకటి. కిటికీ వెలుగులో ఒక మనిషి... నడుము దగ్గర తెల్లటి గుడ్డ... దాని కింద నేల. అంతే.

సందంతా చూసి హడలిపోయింది. చూడనిది చంద్రభాగ ఒక్కతే. ఫోన్ చూపబోతే బీడీల చాట మొహానికి అడ్డం పెట్టుకుంది. "నాకొద్దు బిడ్డా. అసొంటివి జూస్తె కలలకొస్తయ్."

సుప్రియ పంతం పట్టింది. అదే చోట ఇప్పటి ఫోటో తీసి, ఏమీ లేదని చూపిస్తే అత్త దిగిరాక ఏం చేస్తుంది?

దీపాలు పెట్టే వేళకు మొగుడూ పెళ్ళాం వెళ్ళి తాళం తీశారు. లోపల కరెంటు లేదు. మంగేశ్ గడప బయటే ఆగాడు. ధైర్యం ఉన్నవాడే, కాళ్ళే కదలలేదు.

"నువ్వు పో... నేనీడ కాపల ఉంట," అన్నాడు గుసగుసగా.

"కాపల వద్దు. ఫోన్ వట్టుకో. ఆయన ఉన్న తాన నేను నిలవడ్త... ఫోటో గొట్టు."

చెప్పులు విప్పి లోపలికి నడిచింది. గోడలో దీపపు గూడు... ఫోటోలో ఉన్నదే. కిటికీ... అదే. కింద నూలు చిక్కులు, చిరిగిన గోనెలు. వాటి మీద కాలు పెట్టింది.

ఫెళ్ళుమంది.

నేల నోరు తెరిచి సుప్రియను నడుము దాకా మింగింది. మంగేశ్ భయంతో వేలు నొక్కేశాడు — ఫోటో పడింది. ఆ మెరుపు ఆరగానే అతని వెనక ఇంకో ఆకారం... టార్చి పట్టుకుని చంద్రభాగ. కొడుకూ కోడలూ ఈ ఇంటికొచ్చారని తెలిసి, ఎంత భయమున్నా ఆగలేక పరిగెత్తుకొచ్చింది.

టార్చి వెలుగు సుప్రియ మొహం మీద పడింది. తర్వాత గోతి అంచు మీద.

"అరే దేవా," అంది మెల్లగా. "ఇది గుంట మగ్గం గుంట గదరా. మా తాత గూడ కాళ్ళు దీంట్ల వెట్టే నేసెటోడు." కొడుకు ఫోన్‌లో పాత ఫోటో తీసి చూపిస్తే అప్పుడు చూసింది. "ఈయన నేస్తున్నడు... మగ్గం చీకట్ల గలిసింది. నేనొక్కసారి జూస్తె అయిపోతుండె. చాట అడ్డం వెట్టుకుంటి."

ముగ్గురూ నవ్వారు. సుప్రియకు సంతోషంతో ఏడుపే వచ్చింది. ఒక గది, ఒక తలుపు, చెవిలో చెప్పిన మాట చెవిలోనే ఉండే ఇల్లు.

"ఇగ భయమేంది," అంటూ చంద్రభాగ టార్చి నాలుగు గోడలకూ తిప్పింది. "గాలి బరోబర్ వస్తది. నా మంచం ఆ కిటికి కింద ఎయ్ రా మంగేశ్. రేపే వద్దం, ముగ్గురం."

మంగేశ్ పని పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

గుంటలో సుప్రియ కాలికి ఇందాక విరిగిన మూత చెక్కపలక తగిలింది. ముందూ వెనకా ఆలోచించలేదు...

టక్...

చంద్రభాగ నిలబడిపోయింది.

టక్... టక్.

"ఏందది..." అన్నాడు మంగేశ్. తను చేసిందేమిటో సుప్రియకు అప్పుడు తెలిసింది. అత్త మళ్ళీ జడిసిందా, ఈ ఇంటికి మళ్ళీ తాళమే. చేతికొచ్చినదాన్ని తన కాలితో తనే తన్నుకుంది. పాదం బిగబట్టి, ఊపిరి బిగబట్టి నిలబడింది.

టార్చి నెమ్మదిగా గుంటలోకి దిగింది... అక్కడే ఆగింది.

"నడుము కిందికి లేనోడంటిరి," అంది చంద్రభాగ. "మరి కాళ్ళకు మెట్టెలెట్ల వచ్చినయ్?"

సుప్రియ పాదం వెనక్కి లాక్కుంది.

అత్త వంగి, చెయ్యి పట్టి కోడలిని పైకి లాగింది. చీరకంటిన దుమ్ము దులిపింది. గడప దాటుతూ, వెనక్కి చూడకుండానే అంది —

"నా మంచం నీలం నగర్లనే ఉండనియ్. ఆ గుంట మీద పలక మాత్రం గట్టిది ఏపియ్ రా మంగేశ్. రేపు పిల్లలు దిరిగే ఇల్లు."