మొదటి పిడికిలి

నాంచారమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని, భర్త ఊపిరిపెట్టె మీట కిందకు దించి ఆపేసింది. బసవయ్య రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆయన అలవాటుగా గోడకు చేరబడి కళ్లు మూసుకున్నాడు. రోజూ ఇదే సమయం. పొద్దు పొడిచాక ఇంటి కప్పు మీది ఎండరేకులు పట్టే తొలి కరెంటు పావుగంట సేపు విశ్వవిద్యాలయానికి పోతుంది. తూర్పుగట్టు కాలనీలో దాన్ని పిడికిలి అంటారు. వంటకు ముందు దానానికి పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం లాంటిదే.

సముద్రం కాలవల్లోకి ఎక్కి వచ్చాక ఉప్పుదగ్గు లేని ఇల్లు లేదు. దానికి మందు కనిపెట్టే యంత్రాలకు కరెంటు చాలడం లేదని తొమ్మిదేళ్ల కిందట విశ్వవిద్యాలయం పరిశోధకులు వచ్చి అడిగారు. తీరంలోని నూట పన్నెండు కాలనీలు సరేనన్నాయి. సూర్యుడు ముందుగా కనిపించేది తూర్పుగట్టుకే. అందుకని ఇక్కడి కాలనీ పెద్ద కరెంటు వదిలే ఫలకం మీద చెయ్యి పెడితేనే మిగతా కాలనీల తీగలు ఒకదాని వెంట ఒకటి తెరుచుకునేలా కట్టుబాటు చేసుకున్నారు. ఆ పెద్ద నాంచారమ్మే.

ఫలకం ఆమె దేవుడి అరలో ఉంటుంది. ఇచ్చిన కరెంటు పరిశోధనశాలలో ఏ గదిలో వాడారో చెప్పే ముద్ర నెలనెలా దాని మీదకు తిరిగి వస్తుంది. ఆమె ఏనాడూ చదవలేదు. వచ్చినప్పుడల్లా కుంకుమ పెట్టి దండం పెట్టుకునేది. ఇచ్చాక ఏం చేశారని అడగడం ఆమెకు తప్పుగా తోచేది.

ఎండరేకులు తుడవడానికి వచ్చిన పక్కింటి కోటయ్య గుమ్మంలోంచి అర వంక చూశాడు. "అక్కా, ఆ కుంకుమ కింద ఫలకం ఉందా, అంతా కుంకుమేనా?"

ఆమె నవ్వి, తడిగుడ్డతో తుడిచింది. అక్షరాలు వెలిగాయి. ఆమె చూపు ఆనడం లేదని కోటయ్యే చదివాడు. ఉప్పుదగ్గు గదికి ఏమీ వెళ్లలేదు. అంతా వన్నె గదికి వెళ్లింది. అంతకు ముందు నెలా అంతే. వెనక్కి జరిపాడు. ఆరేళ్లుగా అంతే. కోటయ్య మళ్లీ హాస్యమాడలేదు.

ఆమె హిమజను పిలిచింది. హిమజ ఈ కాలనీ పిల్ల. దగ్గు గదిలో ఉద్యోగం వచ్చిన రోజున నాంచారమ్మే కొబ్బరికాయ కొట్టి పంపింది. తెర మీద ఆ పిల్ల ముఖం కనిపించగానే అడిగింది.

"వన్నె గది అంటే ఏంటమ్మా?"

హిమజ మెల్లగా చెప్పింది. ముసలితనం పైకి కనపడకుండా చర్మానికి నిగారింపు తెచ్చే మందట. కొనేవాళ్లు కొండ మీది నగరాల వాళ్లట. దానివల్లే పరిశోధనశాల మూతపడకుండా నిలబడిందట. రెండేళ్లలో మళ్లీ దగ్గు పని మొదలుపెడదామన్నారట.

"నీకు తెలుసన్నమాట."

"తెలుసు పిన్నీ. అబద్ధం మాత్రం పంపలేదు. ప్రతి నెలా నిజమే ముద్ర వేశాను. మీరు చదువుతారు, చదివి నన్ను తిడతారు అనుకున్నాను."

"మీ బాబాయి పెట్టె ఆపి ఇస్తున్నాం. అది తెలుసా?"

తెలియదు. హిమజ తల దించుకుంది. ఆ పావుగంటా పెట్టె నడవడానికి వేరే కరెంటు ఉంటుందనుకున్నానంది. ఇవాళ పిడికిలి పడకపోతే యంత్రాలన్నీ ఆగుతాయని, అప్పుడు దగ్గు గది తాళం ఇక ఎప్పటికీ తీయరని బతిమాలింది.

"చెయ్యి పెట్టు పిన్నీ. నేను పైవాళ్లతో మాట్లాడతాను."

"ఆరేళ్లుగా మాట్లాడలేదు కదమ్మా," అంది నాంచారమ్మ. గొంతు పెంచలేదు.

ఆమె అరలోని దేవుడి వంక చూసింది. చదవకపోవడం భక్తేనా, బద్ధకమా స్వామీ అని లోపల అడిగింది. నమ్మింది నిన్నా, వీళ్లనా అని కూడా అడిగింది. వెనక బసవయ్యకు దగ్గు అందుకుంది. ఫలకం మీద చేతి ఆకారం వెలుగుతూ, ఆరుతూ ఎదురుచూస్తోంది. ఆమె చెయ్యి దాని మీదికి వెళ్లి, ఆగింది.

ఆ చేత్తోనే ఊపిరిపెట్టె మీట పైకి ఎత్తింది.

బసవయ్య కళ్లు తెరిచాడు. "పావుగంట కాలేదుగా?"

"కాలేదు," అని ఆయన పక్కన కూర్చుంది.

ఫలకం మీద ఒక్కో కాలనీ దీపం వెలగసాగింది. తూర్పుగట్టూ, ఏమైంది అని అడుగుతున్నాయి. హిమజ తెర మీద ఇంకా అలాగే ఉంది.

"కోటయ్యా, ఆ ముద్ర ఉన్నదున్నట్టు అందరికీ పంపు," అంది నాంచారమ్మ. "చదివాకే దండం పెట్టుకోమను."