దిరిసెనకు చెవులు కట్టినవాడు

ఆదివారం... అమావాస్య... మిట్టమధ్యాహ్నం! నడినెత్తిన సూర్యుడుండగానే పాకాల గుట్టల మీద ఉరిమింది. దిరిసెన చెట్టు తొర్రలో పట్టపగలే గుడ్లగూబ కూసింది!

ఆ చెట్టు కుప్పమ్మది. తేలు కుట్టినా, పురుగు ముట్టినా దాని బెరడు నూరి విషం దించేది. 1978లో పాకాల బజారులో మూలికల అంగడి నాది. నా దగ్గరా మూటెడు దిరిసెన బెరడు ఉండేది. అడిగేవాడు లేడు. రైలు దిగినవాళ్ళు నా గడప దాటి ఆమె వాకిటికే పోయేవారు.

ఆమె చేసేదల్లా ఒకటే. కత్తి పెట్టేముందు చెట్టుకు పసుపుదారం చుట్టి, రోగి పేరు చెప్పి, "ఇయ్యి తల్లీ" అని అడిగేది. దానికే ఇంత గిరాకీయా అని నా కడుపు రగిలింది. తులసీరాం అనే మాంత్రికుణ్ణి పిలిపించాను.

"చెట్టును చంపాల్నా?" అన్నాడు.

"వద్దప్పా. చెట్టు ఉండాల, పని చేయకూడదు. ఆమె నవ్వులపాలు కావాల."

"నాకంటే నువ్వే పాపిష్టోడివి అబ్బా!" అని పకపకా నవ్వాడు.

ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, చెట్టు వేరు మొదట్లో కపాలం నిలిపాడు. కాండంలోకి ఏడు ఇనుప మేకులు దిగ్గొట్టాడు. "ఇకపై ఎవరి పేరు చెప్పినా నీకు వినపడదు! హుం ఫట్!"

చెట్టు వణికింది... మేకుల చుట్టూ ఎర్రటి జిగురు ఉబికింది!

కపాలం తీయబోయాడు. కంటిగుంతలోంచి అరచేతంత నల్లతేలు వచ్చి కుట్టింది!

కేకకు కుప్పమ్మ పరుగెత్తుకొచ్చింది. మేకులను చూసింది, నన్ను చూసింది. "నీ పేరేందిరా?" అని అతన్ని అడిగింది. దారం చుట్టి, మూడుసార్లు తులసీరాం పేరు చెప్పింది. కత్తి దిగలేదు. బండ మీద గీసినట్టు కీచుమంది.

"దాని చెవులు కట్టినోడివి నువ్వే గదరా నాయనా! నీ పేరు యాడ వింటాది? మంత్రం విప్పు!"

నోరు తెరిచాడు. నల్లబడి ఉబ్బిన నాలుక... నురగ తప్ప మాట రాలేదు!

నా అంగట్లో మూటెడు బెరడు ఉంది. పరుగెత్తి తేవచ్చు. తేలేదు. అది పనిచేయకపోతే ఆమె ముందు చులకనైపోతానని!

తులసీరాం ప్రాణం పోయింది. మరుక్షణం ఏడు మేకులూ వాటంతటవే ఊడి అతని గుండెల మీద రాలాయి!

కుప్పమ్మ నా వైపు తిరిగింది. "నీ పేరు కూడా చెట్టుకు చెప్పి పెట్టినా, ఆదిమూలం."

దేనికని అడగలేకపోయాను. నయం కావాలనే అయ్యుంటుంది. ఆమె ఎవరి పేరు చెప్పినా అందుకే. అయినా దిరిసెన పూసే ప్రతి వేసవీ తలుపులు బిగించుకుని కూర్చుంటాను... ఆ పూల వాసన సందుల్లోంచి దూరి, పేరుపెట్టి నన్నే పిలుస్తుంది!