పేజీకి ఒకవైపే

అయినా, ఆమె చావకపోతే కథ ఎక్కడ ఆపాలి? పెళ్ళి దగ్గర ఆపితే చవకగా ఉంటుంది. చావులో ఒక మర్యాద ఉంది. పోయిన మనిషిని ఏదీ అడగనక్కర్లేదు, ఏమంటుందోనని కాచుకోనక్కర్లేదు...

సంజీవరావు ఆ ఆలోచనను సగంలోనే వదిలేశాడు. ఆదివారం చల్లపల్లి నుంచి మార్తను చూడటానికి పెళ్ళివారు వస్తున్నారని, ఆమె తండ్రి శౌరయ్యగారు పొద్దున పంపు దగ్గర చెప్పారు. నచ్చితే అప్పుడే మాట ఇచ్చేస్తారట. ఇవాళ శుక్రవారం.

అతను బెజవాడ కాలవల ఆఫీసులో గుమాస్తా. నాలుగేళ్ళుగా వారపత్రికలకు కథలు పంపుతున్నాడు. అతని చేతిరాత ఎవరికీ అర్థం కాదు కనక, పక్క వాటాలో ఉండే మార్త ఫెయిర్ కాపీ రాసిపెడుతుంది. ఆమె స్కూలు టీచరు. కథలన్నీ తిరిగొచ్చాయి. దస్తూరి బాగుందని మాత్రం ఒక సంపాదకుడు మెచ్చుకున్నాడు.

సాయంత్రం ఆమె వరండాలోకి వచ్చి, కాగితాలు బల్ల మీద పెట్టింది. అతను పేజీలు లెక్కపెట్టాడు.

"చివరి పేజీ లేదేంటండీ?"

"రాయలేదు."

"ఇంకు అయిపోయిందా?"

"ఓపిక అయిపోయింది. మీ హీరోయిన్ ఏ నెలలో కాలవలో దూకిందండీ?"

"మే నెలలో."

"మే నెలలో కాలవకి నీళ్ళు కట్టేస్తారుగా. ఆ ఆర్డరు టైపు చేసేది మీరేగా. దూకితే మోకాళ్ళు చెక్కుకుపోతాయి, అంతే."

అతనికి నవ్వు రాలేదు. ఏటా తన చేత్తో టైపు చేసే ఆర్డరు. తన లోపల ఎవరో ఆ హీరోయిన్ చావాలని అంత గట్టిగా కోరుకుంటే తప్ప, ఎండిన కాలవలో నీళ్ళు కనపడవు.

"జూలై అని దిద్దుతాను."

"దిద్దాల్సింది నెల కాదండీ." ఆమె స్తంభానికి ఆనుకుంది. "పదకొండు కథలు కాపీ చేశాను. ఒకామెకి టైఫాయిడ్, ఒకామెకి రైలు. హీరో పెళ్ళికి అడగబోతాడు, ఈవిడ పోతుంది. ఒక్కదాన్నీ నోరు తెరవనివ్వలేదు మీరు."

"విషాదం నిలుస్తుందని..."

"మీరు రాయలేక కాదు. వానలో రిక్షా టాపు మీద చినుకుల చప్పుడు రాశారే, అది కాపీ చేస్తూ కలం ఆపేసి మళ్ళీ చదువుకున్నాను. చూసింది రాస్తే మీకు తిరుగులేదు. తెలిసిన కాలవనే మర్చిపోయారంటే, అక్కడేదో దాస్తున్నారు. అదే రాయండి."

"అడిగాక ఆమె కాదంటే?"

"అంటే అననివ్వండి. ఆ మాటా రాయండి." ఆమె గొంతు తగ్గింది. "ఆదివారం లోపల రాస్తే కాపీ చేస్తాను. తర్వాత నాకు వీలుపడదేమో."

అతను కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. ఆమె కదల్లేదు. వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు మోగి ఆగింది.

పేజీకి ఒకవైపే రాయాలని పత్రికల నిబంధన. నాలుగేళ్ళలో ఒక్కసారీ దాన్ని తప్పలేదు. సంజీవరావు ఆఖరున ఉన్న కాగితాన్ని వెనక్కి తిప్పాడు. ఆమె కుదురైన అక్షరాలు అవతలి నుంచి లీలగా కనిపిస్తున్నాయి. తన వంకర రాతలో, కూడబలుక్కుంటూ ఒక్క వాక్యం రాశాడు.

"మార్తగారూ, ఆదివారం కంటే ముందు నేను మీ నాన్నగారిని అడగనా?"

కింద ఆమె జవాబుకి చోటు వదిలి, కాగితాన్నీ కలాన్నీ ఆమె వైపు జరిపాడు.