నాలుగు గంటల నీడ

"బ్యాటరీని నిన్న ఎవరో కాల్చేశారు. కొత్తది రేపటికి గానీ రాదు," అన్నాడు చీఫ్, ఫైల్లోంచి తల ఎత్తకుండానే. "ఇవాళ సాయంత్రం నాలుగింటికి మన ట్రాన్స్‌మిటర్ ఒక్క నిమిషం పనిచేయాలి. 'వంతెన వద్దు' అని టేపు ఎక్కించి ఉంచాం. దానంతటదే వెళ్తుంది. డాబా మీది సోలార్ ప్యానెళ్ళ నుంచి నేరుగా రెండు వందల వాట్లు అందితే చాలు."

"అందకపోతే సార్?"

"సరిహద్దు అవతలున్న మన ఏజెంట్ వంతెన మీదుగా వస్తాడు. అక్కడ వాళ్ళు కాచుకుని ఉన్నారు. అతని సెట్టు ఆ ఒక్క నిమిషమే తెరిచి ఉంటుంది."

ఆ ఏజెంట్, ఎదురుగా నిలబడ్డ పిచ్చుకకి సొంత అన్నయ్య. పిచ్చుక అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్‌నేమ్. మనిషి ఇంతే ఉంటుంది, జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవర్ ఉంటుంది.

మూడున్నరకల్లా ఆమె ప్యానెళ్ళు కడిగే మనిషి వేషంలో ఇస్త్రీ దుకాణం డాబా ఎక్కింది. కింద దుకాణంలో ఇస్త్రీ మామ చొక్కాలు మడతపెడుతూ ట్రాన్స్‌మిటర్‌కి కాపలా కాస్తున్నాడు. పైన ఆరు సోలార్ ప్యానెళ్ళు. పక్క ఫ్యాక్టరీ చిమ్నీ నీడ మెల్లగా పాకి వచ్చి, నాలుగింటికి మూడు నిమిషాలు ఉన్నాయనగా చివరి రెండింటినీ కమ్మేసింది.

తుడుపుకర్ర పిడిలో దాచిన మీటరు తీసి చూసింది. నూట ఇరవై వాట్లు.

ఆమెకి ఒళ్ళు మండింది. నాలుగు ప్యానెళ్ళు ఎండలో కాగుతుంటే రెండు వందల నలభై రావాలి కదా! కొన్నిటి మీద నీడ పడితే, వోల్టేజి మారుస్తూ పోయేకొద్దీ పవర్‌కి రెండు శిఖరాలుంటాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, మధ్యలో లోయ. ఎక్కువ పవర్ ఎక్కడ వస్తుందో వెతికే ట్రాకర్ పెట్టె చిన్నదాన్ని ఎక్కి, అటో అడుగు ఇటో అడుగు వేసి చూసి, ఇంతకన్నా ఎత్తు లేదనుకుని కూర్చుంది. అలా మోసపోకూడదనే పిచ్చుక దానికి 'స్వీప్' పెట్టింది. నిమిషానికోసారి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెతికే ప్రోగ్రాం. ఇప్పుడు చూస్తే దాన్ని ఎవరో ఆపేసి, పాస్‌వర్డ్ మార్చేశారు.

పాత పాస్‌వర్డ్ అన్నయ్య పుట్టినరోజు. అది తను కాక తెలిసింది ఇంకొక్కరికే.

"అప్పుడే కనిపెట్టేశావా?"

వెనక వదిన. నల్ల కళ్ళద్దాలు, సిల్కు స్కార్ఫు, చేతిలో బుల్లి పిస్తోలు. పిచ్చుకకి వేషాలు వేయడం నేర్పిందీ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిందీ ఆవిడే.

"వదినా... నువ్వా?"

పిచ్చుక చెయ్యి అప్పటికే ట్రాకర్ పెట్టెకున్న మాన్యువల్ నాబ్ మీద ఉంది. తిప్పింది. నూట పది. తొంభై ఐదు.

వదిన మీటరు చూసి కిసుక్కున నవ్వింది. "ఉన్నది కూడా పోగొడుతున్నావు కదే! కానీ, కానీ. నాకో తూటా మిగుల్తుంది."

"అన్నయ్య నీకేం అన్యాయం చేశాడు?"

"ఏమీ చేయలేదు. బంగారంలాంటి మనిషి. పదేళ్ళు భరించాను."

ఎనభై ఐదు. పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వేళ్ళు మాత్రం ఆగలేదు. వైర్ల సంగతి ఎప్పుడు చెప్పబోయినా వదిన ఆవలించేది. లోయలోకి దిగకుండా పెద్ద శిఖరం దొరకదని ఆవిడకేం తెలుసు?

నూట ముప్ఫై.

వదిన నవ్వు ఆగిపోయింది. "ఏయ్, ఆపు!"

నూట తొంభై. రెండు వందల ముప్ఫై ఎనిమిది. నాలుగు కావడానికి రెండు సెకన్లు ఉన్నాయనగా కింద ట్రాన్స్‌మిటర్ గుయ్యిమంది.

పిస్తోలు పిచ్చుక నుదుటి వైపు లేచింది. పేలేలోగా ఇస్త్రీపెట్టె ఒకటి వదిన మణికట్టు మీద దభీమని పడింది.

"సెట్టు వెలిగిందమ్మా అని చెబుదామని పరిగెత్తుకొచ్చా," అన్నాడు ఇస్త్రీ మామ ఆయాసపడుతూ. "కంగారులో పెట్టె కింద పెట్టడం మర్చిపోయా."

డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి సంకెళ్ళు వేస్తుంటే వదిన తలెత్తి చూసింది. "బాగానే తయారయ్యావే," అంది. పిచ్చుక మీటరు మళ్ళీ తుడుపుకర్ర పిడిలో దాచింది.

ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్! మీ అన్నయ్య దారి మార్చాడు. రేపు పొద్దుటికి ఇంట్లో ఉంటాడు. మరి... ఈ సంగతి అతనికి ఎవరు చెబుతారు?"

"అదే ఆలోచిస్తున్నా సార్. ఇన్నాళ్ళూ మా ఇంట్లో చెడ్డ కబుర్లు నెమ్మదిగా చెప్పే పని వదినదే."